తీగల పని

"మా ఆమెకు గూడ గిది హాబీ సార్," అంటూ రామచంద్రం చాయ కప్పును సాసరులో పెట్టి నవ్వాడు.

ఆ మాట అన్నప్పుడు గంగుబాయి వంటింటి గడపలో నిలబడి పెద్దసాబు పళ్లెం వైపు చూస్తోంది. గారెలు అయిపోవచ్చాయి, ఇంకో రెండు వేయాలా, వేస్తే మర్యాద కోసం తినలేక తింటాడా అని ఆలోచిస్తోంది. పెద్దసాబు హైదరాబాదు ఆఫీసు నుంచి నస్పూర్ బొగ్గుబాయిల లెక్కల ఆఫీసు చూడడానికి వచ్చిన మనిషి. కార్మికుల జీతాల కాగితాలు ఇక్కడి మిషన్ మీద తప్పు లేకుండా బయటికి వస్తున్నాయని విని, ఆ మిషన్‌కు తీగలు పెట్టే ప్రోగ్రామర్ ఇంట్లో చాయ తాగుతానని తనంతట తానే అడిగి వచ్చాడు. ఆయన మొదటిసారిగా గంగుబాయి వైపు తల తిప్పాడు.

"అచ్ఛా? స్వెటర్లు అల్లినట్టే తీగలు గూడ అల్లుతవామ్మా?"

మొగవాళ్లిద్దరూ నవ్వారు. లోపలి గదిలో మంచం మీద కూర్చున్న అత్త బుచ్చవ్వ, ఏమన్నారో వినకపోయినా, సాబు నవ్వాడు కాబట్టి తనూ నవ్వింది. గంగుబాయి కూడా నవ్వింది. తరువాత కప్పులు కడుగుతూ, నేనెందుకు నవ్వాను అనుకుంది. కోపం వచ్చిందా అంటే రాలేదు. సంతోషమా అంటే కాదు. మొగుడు అబద్ధమేమీ ఆడలేదు. భార్యకు ఆ పని తెలుసు అనే చెప్పాడు. నలుగురిలో ఆ మాత్రం చెప్పే మొగుళ్లు ఈ క్వార్టర్లలో ఎందరున్నారు? కానీ చెప్పినదానికీ జరుగుతున్నదానికీ మధ్య ఏదో జారిపోయింది. అది ఎంత పెద్దదో ఆమెకు అంతుపట్టలేదు.

జరుగుతున్నదేమిటంటే, ఆ తీగలు పెడుతున్నది ఆమే.

గంగుబాయి పుట్టింది భైంసాలో. తండ్రి అంకయ్య పత్తి మిల్లులో కాంటా దగ్గర గుమాస్తా. నిజాం రోజుల్లో ఉర్దూ బడిలో వేశాడు. చెక్క పలక మీద సున్నం పూసి, ఎండబెట్టి, వెదురు కలంతో అక్షరాలు దిద్దించేవారు. ఒక్కో అక్షరం మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర్లో ఇంకోలా మారిపోతుంటే ఆ పిల్లకు వింతగా ఉండేది. ఏది ఎప్పుడు మారుతుందో కనిపెట్టడం ఆట అయిపోయింది. బడి పంతులమ్మ ఉస్తానీ అందరికీ ఆమె పలకే చూపించేది. అంతలో పోలీసు చర్య వచ్చింది. ఫౌజులు వచ్చాయి, జెండా మారింది, కొన్నాళ్లకు బడిలో భాషా మారింది. నేర్చుకున్నదంతా ఎవరికీ అక్కరలేని చదువైపోయింది. "ఆడపిల్లకు గదే ఎక్కువ తియ్," అని తండ్రి బడి మాన్పించాడు. పక్కింటి మరాఠీ కాకూ దగ్గర కూర్చుని గళ్ల గుడ్డ మీద దారం లెక్కపెట్టి పూలు కుట్టడం నేర్చుకుంది. పువ్వు కన్నా, ఏ గడిలో ఏ రంగు పడితే అటువైపు ఆకు తేలుతుందో ముందే తలలో చూసుకోవడం ఆమెకు ఇష్టంగా ఉండేది.

పెళ్లయి ఇటు వచ్చాక ఆ కుట్టు ఆడబిడ్డ పెళ్లికి దిండుగలీబులైంది. తరువాత ఆడబిడ్డ అత్తగారింటి వాళ్లకు, వాళ్ల చుట్టాలకు. ఒకనాడు సూది చూస్తేనే వాంతి వచ్చినట్టయి ఆపేసింది. హిందీ పరీక్షలు మొదలుపెట్టి రెండు గట్టెక్కింది. మూడోదానికి రెండో కాన్పు అడ్డం వచ్చింది. ఆ చదువు కాస్తా మరిది పిల్లలకు ట్యూషన్ చెప్పడానికి పనికొచ్చింది. ఇంట్లో రేడియో మూగబోతే పేచ్‌కస్‌తో విప్పి, లోపలి దీపాల లాంటి గాజు బుడ్లను చూస్తూ, ఒక వారంలో దాన్ని పలికించింది. క్వార్టర్లన్నీ రేడియోలు పట్టుకుని వచ్చాయి. "మా ఆఫీసోళ్లు అడుగుతున్నరే, మీ ఇంట్ల మరమ్మత్ దుకాణం పెట్టిండ్రా అని. ఇజ్జత్ ఏం గావాలె?" అని రామచంద్రం మెల్లగానే అన్నాడు. ఆయన ఎప్పుడూ గట్టిగా అనడు. పేచ్‌కస్ డబ్బాలోకి పోయింది.

"మా కోడలికి దినానికో దాని మీద పాణం. ఏదీ ఆఖరుదాక చెయ్యది," అని బుచ్చవ్వ వచ్చినవాళ్లకు చెప్పేది. అందులో ప్రేమా ఉండేది, వెక్కిరింపూ ఉండేది. గంగుబాయి కూడా అదే నమ్మింది. ఆలోచిస్తే ఒక్కోటీ ఎవరో ఒకరు లాక్కున్నట్టే ఉంటుంది. ఇంకోలా ఆలోచిస్తే, రేడియో సంగతి తెలిసిపోయాక తనకే దాని మీద మోజు తగ్గిన మాటా నిజమే. ఎక్కడ తను వదిలిందో, ఎక్కడ వదిలించారో ఆ గీత ఎంత వెతికినా దొరకదు.

ఆఫీసుకు కార్డులకు చిల్లులు పొడిచే మిషన్లు వచ్చినప్పుడు, ఆడవాళ్ల వేళ్లు చురుకని వాళ్లనే తీసుకున్నారు. రామచంద్రమే ఆమెను చేర్పించాడు. పొద్దుటి వంట, పిల్లల బడి, అత్త మందులు అయ్యాక పంచింగ్ హాలులో కూర్చుని ఏ మనిషి ఏ బాయిలో ఎన్ని మస్టర్లు, అంటే ఎన్ని రోజుల హాజరు, చేశాడో టకటకా పొడవడం ఆమె నౌకరీ. హాలుకూ మిషన్ గదికీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉండేది. పొడిచిన కార్డులు అందులోంచి అవతలికి అందించాలి. అవతలికి ఆడవాళ్లు పోయేది లేదు. ఎవరూ రాసి పెట్టలేదు, అంతే, పోయేది లేదు.

ఆ ఏడే ఒక పరీక్ష పెట్టారు. నెగ్గినవాళ్లలో ఒకరిని మూడు నెలలు కలకత్తా పంపి మిషన్‌కు ప్రోగ్రాం పెట్టడం నేర్పిస్తారట. గంగుబాయి పక్క సీటులో పనిచేసే చంద్రవ్వ ఆమెను బలవంతాన కూర్చోబెట్టింది. చంద్రవ్వ మొగుడు బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు, ఆ నౌకరీ బదులు ఈమెకు ఇది దొరికింది. ఎవరికీ జంకే మనిషి కాదు. పరీక్షలో వరుసగా గుర్తులిచ్చి తరువాతిది ఏదో చెప్పమన్నారు. గంగుబాయికి నవ్వొచ్చినంత సులువుగా తోచింది. నాలుగు రోజులకు సెక్షన్ ఆఫీసరు పిలిచాడు.

"నీ పేరే అందరికన్న మీద ఉన్నదమ్మా. గానీ ఆడమనిషిని కలకత్తకు ఎట్ల పంపుతం? మీ ఇంటాయన పేరు గూడ మూడోది ఉన్నది. ఆయన్ని పంపుతున్నం. మీ ఇంట్లకెళ్లే ఒకరు పోయినట్టాయె గదా!"

గంగుబాయి తల ఊపింది. తల ఊపడమే కాదు, ఆ క్షణాన ఆమెకు నిజంగా సంబురమైంది. ఇంటికి వచ్చి మొగుడి ప్రయాణానికి అటుకులు వేయించింది. చంద్రవ్వ మాత్రం మరునాడు కార్డుల కట్టను బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. "నువ్వు ఉరికితె ఆయన గెలిసిండా గంగక్కా?" అంది. గంగుబాయి ఆ మాటకూ నవ్వింది.

రామచంద్రం కలకత్తా నుంచి చిక్కిపోయి వచ్చాడు. లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి, మనసులో భయం ఒకటి వెంట తెచ్చుకున్నాడు. మిషన్‌కు ప్రోగ్రాం అంటే ఒక బోర్డు. అన్నం తినే పళ్లెం కన్నా పెద్దది, నిండా చిల్లులు. ఈ చిల్లులోంచి ఆ చిల్లులోకి రంగురంగుల తీగలు గుచ్చాలి. కార్డు మీది ఏ అంకెను ఎక్కడ కలపాలో, ఎక్కడ తీసేయాలో, ఒక మనిషి లెక్క ఎప్పుడు ముగించి కాగితం మీద కొట్టాలో ఆ తీగలే మిషన్‌కు చెబుతాయి. బోర్డును ఊడదీసి ఇంటికి కూడా తెచ్చుకోవచ్చు. ఒక సాయంత్రం ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చాయ తెచ్చిన గంగుబాయి ఆయన ఒకే తీగను గుచ్చి, పీకి, మళ్లీ గుచ్చడం చూసింది.

"నాతోని అయితలేదే. వాళ్లకేమని చెప్పాలె? అందరి నోట్లె పడ్డ," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన మీద ఆమెకు జాలి కలిగింది. అదీ నిజమే. ఆ జాలితోనే పక్కన కూర్చుని ఒక తీగను వేలితో పట్టుకుని అది ఎక్కడికి పోతుందో చూసింది. అక్కడి నుంచి ఇంకోటి. కాసేపటికి జాలి సంగతి మరిచిపోయింది, మొగుడు పక్కనున్న సంగతీ మరిచిపోయింది. పొయ్యి మీద పప్పు మాడుతోందని బుచ్చవ్వ కేకేస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

ఆ వానాకాలమంత సుఖమైన కాలం ఆమె బతుకులో ఇంకోటి లేదు. ఆఫీసు నుంచి వచ్చి, వంట దించి, పిల్లలకు పెట్టి, వంటింటి నేల మీద పాత చీర పరిచి బోర్డు ముందేసుకునేది. పుస్తకంలో ఇంగ్లీషు కూడబలుక్కోవాల్సి వచ్చేది గానీ బొమ్మలు మాత్రం మాతృభాషలా అర్థమయ్యేవి. మధ్యమధ్య బుచ్చవ్వ, "మొగని పని మొగన్ని చేసుకోనియ్యరాదు పిల్లా, నీకు కాళ్లు నొయ్యయా?" అనేది. మరునాడు తను పొడిచిన కార్డులను తనే కిటికీలోంచి అందించి, అవతల కాగితాలు బరబరా బయటికొస్తుంటే మెడ చాచి చూసేది. ప్రతి పేరు కింద మొత్తం సరిగ్గా పడుతుంటే ముఖం విప్పారేది. "ఏందక్కా, కిటికీల నీ మొగణ్ని సూసి గంత మురుస్తున్నవు?" అని చంద్రవ్వ ఎకసెక్కెమాడేది. అవునేమో, మొగుణ్ని చూసే అనుకోనీ, అనుకుంది గంగుబాయి. ఎవరూ బలవంతం చేయలేదు. ఎవరూ తిట్టి చేయించలేదు. మరి అన్యాయం ఎక్కడ జరిగినట్టు? ఇష్టపడి చేసిన పనిలో దొంగతనం ఉంటుందా? ఉంటే దొంగెవరు? ఈ ప్రశ్నలు పెద్దసాబు వచ్చిపోయిన తరువాతే మొదలయ్యాయి. ఒకసారి మొదలయ్యాక చేటలో బియ్యం చెరుగుతున్నా, అంట్లు తోముతున్నా వదల్లేదు.

పదిహేను రోజులు తిరగకముందే రామచంద్రం పరుగులాంటి నడకతో ఇల్లు చేరాడు. హైదరాబాదు ఆఫీసుకు పిలుస్తున్నారు. కొత్త పెద్ద మిషన్, పెద్ద హోదా. దసరా కాగానే వెళ్లాలి.

"నువ్వు గీ నౌకరి ఇడిచిపెట్టొచ్చు ఇగ. ఆడ గా పొడిచే పని నీకెందుకు? ఇంట్లనే ఉంటవు. తీరిగ్గ చేసుకోవచ్చు గంగూ, నీ ఇష్టమొచ్చినంత సేపు," అన్నాడు. నిజంగా ఆమె కోసమే ఆలోచించినట్టు అన్నాడు. కళ్లు మెరుస్తున్నాయి.

గంగుబాయి, "ఇల్లు దొరుకుతదా?" అని అడిగింది.

అది తను కోరుకున్నదే కదా. ఇంకా పెద్ద మిషన్, పగలంతా సమయం, పప్పు మాడుతుందన్న భయం లేకుండా పని. అయినా ఆ మాట విన్నప్పటి నుంచి ఏ పని మీదా మనసు నిలవడం లేదు. ఈ వయసు దాకా తనకేం కావాలో తనకే తెలియని ఆడదాన్ని ఎవరు మాత్రం ఎందుకడుగుతారు? బుచ్చవ్వ అన్నదే నిజమేమో, ఏదీ ఆఖరుదాకా చేయలేక, చేసినా ఓర్చుకోలేక గుణుగుతున్నానేమో అనుకుంది.

బతుకమ్మ రోజులొచ్చాయి. సాయంత్రం క్వార్టర్ల ముందు ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే గంగుబాయి అత్త మోకాళ్లకు నూనె రాస్తూ కూర్చుంది. బుచ్చవ్వ పాట వింటూ వింటూ ఉన్నట్టుండి, "గది నేను కట్టిన పాట," అంది.

"ఏది అత్తమ్మా?"

"గిప్పుడు పాడుతున్నరు సూడు. నేను పెండ్లి గాకముందు కట్టిన. శానా కడుతుంటి. మా ఊరి ఆడోళ్లందరు నా ఎంబడి పాడేటోళ్లు. పెండ్లైనంక మీ మామకు నచ్చలే. ఇడిసిపెట్టిన."

ఇన్నేళ్లలో గంగుబాయి ఈ మాట ఎన్నడూ వినలేదు. "మరి నీదని చెప్పలేదేంది ఎవలకు?"

"ఎవల్నో ఒకల్ని పాడనియ్యి. పాట బతికే ఉన్నది గదా. నాదని ఎవలకెరుకైతే ఏంది, కాకపోతే ఏంది?" బుచ్చవ్వ గొంతులో బాధ ఏమీ లేదు. కాలు కాస్త జరిపి, "గీడ రాయి, గీడ గుంజుతున్నది," అంది.

బాధ లేకపోవడమే గంగుబాయిని భయపెట్టింది. ఏడ్చినా బాగుండేది. చేతికున్న నూనె చల్లబడేదాకా అలాగే కూర్చుండిపోయింది.

పండుగ జీతాల ముందు రోజు పెద్దసాబు మళ్లీ వచ్చాడు, ఈసారి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని. కంపెనీ ఆఖరు నిమిషంలో పండుగ అడ్వాన్సు కోత ఒకటి కొత్తగా చేర్చింది. గంగుబాయిని అడిగే సమయం లేక, రామచంద్రం తనే పొద్దున్నే బోర్డులో రెండు మూడు తీగలు మార్చాడు. మొదట నాలుగు కాగితాలు బాగానే వచ్చాయి. ఆ తరువాత ఒకరి మొత్తం ఇంకొకరి మొత్తంలో కలిసిపోవడం మొదలైంది. పంచింగ్ హాలులోంచి మిషన్ చప్పుడు ఆగడం విని, కిటికీ పక్క సీటులోంచి గంగుబాయి తలెత్తింది. కాసేపటికి కిటికీలో రామచంద్రం ముఖం కనబడింది. చెమటలు కారుతున్నాయి. తువ్వాలలో చుట్టిన బోర్డును కిటికీలోంచి ఆమె ఒళ్లోకి జార్చాడు.

"జర ఇంటికి పోయి సూసి తెస్తవా? సాబులకు ఏదో చెప్పి ఆపుత. కడుపుల నొస్తున్నదని అడిగి పో," అన్నాడు గుసగుసగా.

ఆమె మామూలుగానే లేచింది. బోర్డును చీర కొంగు కింద పెట్టుకుని సూపర్‌వైజర్ ముందు నిలబడి, కడుపులో నొస్తోందని చెప్పింది. ఆయన తలెత్తకుండానే, "పో పో. మీ ఆడోళ్లతోని ఎప్పుడు గిదే లొల్లి. నెల తిరిగితె ఏదో ఒక నొప్పి. గందుకే మీతోని పెద్ద పని ఏదీ కాదు," అన్నాడు.

వరండాలోకి వచ్చింది. ఎడమవైపు మెట్లు దిగితే గేటు, గేటు దాటితే క్వార్టర్లకు దారి. ఇంటికి పోయి పాత చీర పరుచుకుని కూర్చుంటే ఆ తప్పు దొరకబట్టడం పెద్ద పనేమీ కాదు. ఎక్కడో ఒకరి లెక్క తుడిచేయకుండానే మరొకరి లెక్క మొదలవుతోంది. సరిచేసి తెచ్చి కిటికీలో అందిస్తుంది. జీతాలు అందుతాయి. ఆయన గండం గడుస్తుంది. హైదరాబాదుకు పోతారు. అక్కడా ఇల్లుంటుంది, ఆ ఇంటికో వంటిల్లుంటుంది. నాకిష్టమైన పని నేను చేసుకుంటా, ఇంకేం కావాలి, అని తనకు తానే గట్టిగా చెప్పుకుంది. చెప్పుకుంటూనే మెట్ల దగ్గర నిలబడిపోయింది. కడుపు పట్టుకోమని ఎవరూ అనకపోయినా ఒక చేయి కడుపు మీదే ఉంది. లేని నొప్పికి ఆ చేయి ఎందుకుందో ఆమెకు అర్థం కాలేదు. చేయి తీసింది. తీయగానే నిజంగానే కళ్లు తిరిగినట్టయింది. రేపు ఇంట్లో ఏమవుతుందో, ఆయన ముఖం ఎలా చూడాలో, పిల్లలకేమని చెప్పాలో ఒక్కటీ తట్టడం లేదు. తను చేయబోయేది తప్పో ఒప్పో కూడా తెలియడం లేదు. తెలిసిందల్లా ఒక్కటే. ఇవాళ ఈ మెట్లు దిగితే ఇంకెప్పుడూ ఎక్కలేనని.

కుడివైపు తిరిగింది. మిషన్ గది తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న బంట్రోతు మల్లన్న లేచి, "అమ్మా, గిటు రావద్దు..." అని సగంలోనే ఆగాడు. ఆమె తలుపు తోసింది.

లోపల చల్లగా ఉంది, నూనె వాసన. మిషన్ చుట్టూ సాబులు నిలబడి ఉన్నారు. అంత దగ్గరగా ఆమె దాన్ని చూడడం అదే మొదటిసారి. అనుకున్నదాని కన్నా చిన్నగా ఉంది. సెక్షన్ ఆఫీసరు ముఖం చిట్లించి, "నువ్వెందుకొచ్చినవమ్మా? గీడికి రావద్దని తెల్వదా?" అన్నాడు. పెద్దసాబు మాత్రం ఆమెను గుర్తుపట్టి, ఇంట్లో ఏమైనా ఆపదేమోనని రామచంద్రం వైపు చూశాడు.

రామచంద్రం పెదవులు కదిలాయి. వద్దు అన్నాడో, పో అన్నాడో ఆమె చూడదలచుకోలేదు. తువ్వాల విప్పి బోర్డును బల్ల మీద పెట్టింది. ఎరుపు, పసుపు, నలుపు తీగలు ట్యూబులైటు కింద ఇంట్లో కన్నా వేరుగా కనిపించాయి.

"గిది నీకాడికి ఎట్లొచ్చింది?" అన్నాడు పెద్దసాబు.

ఏ భాషలో మొదలుపెట్టాలో ఆమెకు ఒక్క క్షణం తెలియలేదు. తరువాత మామూలు మాటలే వచ్చాయి.

"బోర్డు నేనే పెడుత సార్. మొదటి సంది నేనే. పొద్దుగాల రెండు మూడు తీగలు మారినయి, గంతే. ఇంటికి తీస్కపోను. ఈడనే సూస్త."

చంద్రవ్వ కిటికీ అవతల పని ఆపేసి నిలబడి ఉంది. పెద్దసాబు ఆమెను, రామచంద్రాన్ని, మళ్లీ ఆమెను చూశాడు. రామచంద్రం కాదనలేదు. తలొంచుకుని, బల్ల ముందున్న కుర్చీలో కూలబడి దాని అంచు పట్టుకున్నాడు. అలా కాదనకుండా ఉన్నందుకు ఆయన మీద ఆమెకు ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. అంత ప్రేమ ఉన్నా కాళ్లు వెనక్కి పోలేదు.

"సరే, చూడు," అన్నాడు పెద్దసాబు.

నిలబడి చేసే పని కాదది. ఆమె చుట్టూ చూసింది. ఆ బల్ల దగ్గర ఉన్నది ఒకే ఒక్క కుర్చీ.

మొగుడి వైపు తిరిగి, ఇంట్లో ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, "జర లేవుండ్రి," అన్నది.